ప్లాస్టిక్ తొడుగు తియ్యని సోఫా

ఆ కోర్టులో అందరూ ఆమెను బొమ్మలాయమ్మ అంటారు. బొమ్మలు చేసేదీ కాదు, అమ్మేదీ కాదు. వాటి మీద పడ్డ దుమ్ము దులుపుతుంది, అంతే. అంతకుముందు ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసింది. రక్తం, వాంతులు, చీము అన్నీ ఎత్తిపోసిన చెయ్యి అది. వాటికి ఏనాడూ ముక్కు మూసుకోలేదు. సాయంత్రం చెల్లెలు కుట్టుమిషను ముందు కూర్చుని, "అన్నం ఎలా దిగుతుందే అక్కా నీకు?" అని మొహం చిట్లిస్తే, "ఒంట్లోంచి వచ్చేదాంట్లో అసహ్యం ఏముందే, కడిగితే పోతుంది," అనేది. కడిగినా పోని రోత ఒకటుంటుందని కోర్టులో చేరాకే తెలిసింది.

అసహ్యం వేసినా ఆమె ఉమ్మదు. ఆ విషయంలో మహా పట్టుదల. కోర్టు మెట్ల మీద, గోడల మూలల్లో, కిటికీ చువ్వల సందుల్లోంచి జనం ఉమ్ముతుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. "ఉమ్మేవాడికేం, తుపుక్కున ఉమ్మి పోతాడు. తుడిచేదాని నడుం కదా విరిగేది!" అని వెంటపడి తిట్టేది. అందుకని తన అసహ్యాన్నంతా ఒక్క "ఛీ"లో సరిపెట్టుకునేది. అందులోనే చిన్న ఛీ, పెద్ద ఛీ ఉండేవి. పెద్ద గుమస్తా ఎదురైతే మాత్రం నోరు కదలకుండా ముక్కుతోనే అనేసేది. ఆయనకి వినబడేది కాదో, విననట్టు నటించేవాడో ఆయనకే తెలియాలి.

ఇక ఆ బొమ్మల గది సంగతి. దాన్ని భయపడే సాక్షుల కోసం కట్టారు. చిన్నపిల్లలు, దెబ్బతిన్న ఆడవాళ్ళు వెనక దారిన వచ్చి, ముద్దాయి మొహం చూడక్కర్లేకుండా ఆ గదిలోనే కూర్చుని కెమెరా ముందు సాక్ష్యం చెప్పొచ్చు. జడ్జిగారు హాల్లో టీవీలో చూస్తారు. మంచి ఆలోచనే, మనసున్న మనిషికెవరికో వచ్చి ఉంటుంది. నీలం రంగు సోఫా, గోడ నిండా కుందేళ్ళ బొమ్మలు, అద్దాల బీరువాలో ఎలుగుబంటీ ఏనుగూ. ప్రారంభించిన రోజు రిబ్బను కత్తిరించి పెద్దలంతా చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రమే పెద్ద గుమస్తా తాళం వేయించాడు.

"వాడితే పాడైపోదూ?" అన్నాడు. తనిఖీకి వచ్చేవాళ్ళకి గది కొత్తగా కనబడాలి, అదీ ఆయన బెంగ. దుకాణంలో సోఫాకి తొడిగిన ప్లాస్టిక్ తొడుగు కూడా తియ్యనివ్వలేదు. ఏ వకీలైనా గది కావాలంటే, "కెమెరా రిపేరులో ఉందండీ," అనేవాడు తొణక్కుండా బెణక్కుండా. కొన్నాళ్ళకి వకీళ్ళు అడగడమే మానేశారు. వాళ్ళకీ అదే సుఖంగా ఉంది. ఆయమ్మ మాత్రం రోజూ పొద్దున్నే గది తెరిచి, దులిపి, తుడిచి, తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకునేది. మనిషి అడుగుపెట్టని గదిని అద్దంలా ఉంచినందుకు ఆమెకు జీతం!

మరి సాక్షులు ఎక్కడ కూర్చునేవాళ్ళు? వరండాలో ఒకే ఒక్క పొడుగు బెంచీ ఉంది, దాని మీదే. ముద్దాయిలూ, వాళ్ళ తాలూకు జనమూ కూడా ఆ బెంచీ మీదే.

వాన పడ్డ ఒక రోజు పొద్దున్న ఆ బెంచీ మీదకి ఒక పాప వచ్చింది, వాళ్ళ అమ్మమ్మతో. మూడో తరగతి చదివే వయసు. దాని పిన్ని ఒక పెద్దింట్లో పనిచేసేది. ఆ ఇంటి కొడుకు ఆమెను మేడ మీద నుంచి తోసి చంపేశాడు. బట్టలారెయ్యడానికి పిన్నితో పాటు పైకెళ్ళిన పాప, నీళ్ళ ట్యాంకు వెనక నుంచి అంతా చూసింది. చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. పాప నోరు విప్పితే కేసు నిలుస్తుంది, లేకపోతే పిన్ని తనంతట తనే కాలు జారి పడినట్టు. ఈ ముక్కని సర్కారు వకీలు వరండాలో నిలబడి, అమ్మమ్మతో, ఊరందరికీ వినబడేలా చెప్పాడు. ముద్దాయి ఆ పక్కనే స్తంభానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు.

ముద్దాయి తల్లి వచ్చి పాప పక్కన కూర్చుంది. పాపకి ఆవిడ తెలుసు, పిన్నితో ఆ ఇంటికి వెళ్తుండేది కదా.

"ఎంత చిక్కిపోయావే బంగారం! అన్నం తినట్లేదా?" అంది ఆవిడ, పాప జుట్టు సవరిస్తూ. "తమ్ముడు బాగున్నాడా? బడికి ఇంకా ఒక్కడే నడిచి వెళ్తున్నాడా? ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువ తల్లీ. వాడి గురించి తలుచుకుంటేనే నాకు భయమేస్తుంది."

అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బెంచీ కింద తుడుస్తున్న ఆయమ్మ అంతా వింది. చీపురూ గుడ్డా అక్కడే పడేసి పెద్ద గుమస్తా దగ్గరికి పరుగెత్తింది.

"సార్, ఆ పిల్లని గదిలో కూర్చోబెడతాను. ఆవిడ దాన్ని బెదిరిస్తోంది."

"ఇవాళా? నీకేమన్నా మతి పోయిందా? మధ్యాహ్నం తనిఖీ ఉంది."

"గది కట్టింది అందుకే కదా సార్!"

"ఆ పిల్ల కాళ్ళు చూశావా? మోకాళ్ళ దాకా బురద. తివాచీ ఏమైపోతుంది?"

"నేను తుడుస్తాను. నా పనే అది."

"నీ పని నోరు మూసుకుని తుడవడం. ఇంకొక్క మాట మాట్లాడావంటే రేపట్నించి మీ ఇంట్లో తుడుచుకో."

తాళంచెవి నడుముకే ఉంది. తలుపు ఆ పక్కనే ఉంది. ఆయమ్మ తియ్యలేదు. ఈ వయసులో ఉద్యోగం పోతే చెల్లెలి మీద పడి తినాలన్న ఆలోచన ఆమె కాళ్ళకి అడ్డం పడింది. తిరిగి బెంచీ దగ్గరికెళ్ళి, పాపకీ ఆవిడకీ మధ్య తడిగుడ్డ పెట్టి, "కాస్త అటు జరగండమ్మా, తడి," అంది. ఆవిడ జరిగింది. పాపని ఒళ్ళోకి లాక్కుని మరీ జరిగింది.

హాల్లోకి పిలిచారు. బోనులో ముద్దాయి, గుమ్మంలో వాడి తల్లి. మధ్యలో పాప.

"మీ పిన్నిని ఎవరు తోశారమ్మా?" అని అడిగాడు సర్కారు వకీలు.

పాప గుమ్మం వైపు చూసింది. "నాకు తెలీదు. నేను చూళ్ళేదు."

సర్కారు వకీలు కాగితాలు సర్దేసుకున్నాడు. ఆయన మొహంలో ఓడిపోయిన బాధ లేదు, పని తొందరగా తెమిలిందన్న తేలికే ఉంది. ముద్దాయి తల్లి బయటకి వెళ్తూ పాప బుగ్గ పుణికి, "బుద్ధిమంతురాలివి," అంది. ఆయమ్మ నోటి నిండా ఉమ్మి ఊరింది. మింగేసింది.

మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చి గది చూసి మురిసిపోయాడు. "గది వాడుతున్నారా?" అన్నాడు.

"రోజూనండీ," అన్నాడు పెద్ద గుమస్తా.

"అయితే ఎవరైనా పిల్లలు కూర్చున్న ఫొటో ఒకటి తియ్యండి. నివేదికలో బాగుంటుంది."

పెద్ద గుమస్తా వరండాలోకి పరుగు తీశాడు. వాన వెలిసేదాకా ఆగుదామని అమ్మమ్మ పాపతో ఇంకా ఆ బెంచీ మీదే ఉంది. "రామ్మా రా, పిల్లలు సాక్ష్యం చెప్పే గది, బొమ్మలున్నాయి!" అంటూ పాపని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఒక్క లాగుతో సోఫా మీది ప్లాస్టిక్ తొడుగు చింపేశాడు. పొద్దున్న కనబడిన బురద కాళ్ళు ఇప్పుడు తివాచీ మీద అచ్చులు వేస్తుంటే ఆయనకి కనబడనే లేదు. పాప ఒళ్ళో ఎలుగుబంటిని పెట్టి, "నవ్వమ్మా," అన్నాడు.

పాప కుందేళ్ళను చూసింది, కెమెరాని చూసింది, మూసి ఉన్న తలుపుని చూసింది. గోడ దగ్గర నిలబడ్డ ఆయమ్మని అడిగింది.

"ఇక్కడ కూర్చుని చెప్తే వాళ్ళు కనబడరా?"

"కనబడరు తల్లీ."

"పొద్దున్న ఈ గది లేదా?"

పెద్ద గుమస్తా, "చిన్నపిల్ల కదండీ," అని అధికారి వైపు తిరిగి ఇకిలించాడు.

"ఉందమ్మా," అంది ఆయమ్మ. "తాళం నా దగ్గరే ఉంది."

పాప ఎలుగుబంటి చెవి నలుపుతూ, ఎవరి వైపూ చూడకుండా అంది. "ఆయనే తోశాడు. పిన్ని వద్దు వద్దని ఏడ్చింది. నేను చూశాను."

అధికారి పెద్ద గుమస్తా వైపు చూశాడు. "ఈ పిల్ల సాక్ష్యం అయిపోయిందా?"

"పొద్దున్నే అయిపోయిందండీ."

"సరే అయితే. ఫొటో తియ్యండి, నాకు ఆలస్యమవుతోంది."

ఫొటో తీశారు. ఆయమ్మ ముందుకొచ్చి, తివాచీ నడి మధ్యలో, అధికారి బూట్ల ముందు తుపుక్కున ఉమ్మింది. ఇన్నేళ్ళుగా మింగిందంతా ఒక్కసారే ఉమ్మినట్టనిపించింది ఆమెకి.

"ఏయ్! పిచ్చెక్కిందా? తుడువు ముందు!" అని అరిచాడు పెద్ద గుమస్తా.

"ఇది కడిగితే పోతుంది సార్. మీరే కడుక్కోండి," అని తాళంచెవి సోఫా మీద పడేసింది.

పాప చెయ్యి పట్టుకుని, ఆ మాట ఇంకొక్కసారి చెప్పించాలని, వరండా చివరన ఉన్న సర్కారు వకీలు గది దాకా గబగబా నడిచింది. ఆ గదికీ తాళం వేసి ఉంది.