శహన రెండో వైపు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. బడిలో పిల్లలెవరైనా బావి దగ్గర ఏదో కనబడిందని ఏడుస్తూ వస్తే, ముందు ఎక్కాలు అప్పజెప్పి తర్వాత భయపడమనేదాన్ని. ఇప్పుడు నేను చెప్పేది దయ్యం కథ అవునో కాదో నాకే తెలియదు. తెలియకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అవి యుద్ధం రోజులు. మాది నరసరావుపేట. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ఇంట్లో అమ్మ, నేను, మా వదిన మార్త. మా అన్న ఇస్సాకు పటాలంలో గుమాస్తాగా చేరి, ఓడెక్కి మలయా వెళ్ళాడు. సింగపూరు జపానువాళ్ళ చేతిలో పడ్డాక అతని సంగతి తెలియలేదు. పోయాడని చెప్పరు, ఉన్నాడని చెప్పరు. ఆచూకీ లేదని ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకున్నారు.

మా ఇంటికి సంగీతం చర్చి నుంచి వచ్చింది. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. అన్న చిన్నప్పుడే ఆ రాగాల పేర్లు పట్టుకుని, ఊళ్ళో ఎవరు ఏ రాగం పాడినా వెళ్ళి వినేవాడు. అతని వెనక నేను. అట్లా ఇద్దరం వకీలు గారి అరుగు ఎక్కాం.

వకీలు గారు ఆదివారం మధ్యాహ్నం గ్రామఫోను అరుగు మీదకు తెప్పించేవారు. నలుగురైదుగురం చేరేవాళ్ళం. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ప్లేటు పెట్టే ముందు ఆయన వరసగా అందరినీ అడిగేవారు: "ఈ వారం ఏం వింటున్నారు?" గ్రామఫోను ఉన్నవాడు ఏ ప్లేటో చెప్పాలి. లేనివాడు పెళ్ళిలో విన్న సన్నాయి అయినా, రైల్లో బిచ్చగాడి పాట అయినా చెప్పాలి, కూనిరాగమైనా తీసి వినిపించాలి. పోయిన వారం చెప్పింది మళ్ళీ చెప్పకూడదు. సంగీతం ఆ అరుగు దాటి లోపలి గదుల్లోకి పోయేది. మేము మాత్రం అరుగు దాటేవాళ్ళం కాదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు.

మాకూ ఇంట్లో ఒక పాత గ్రామఫోను, శహన రాగంలో ఒక కీర్తన ప్లేటు ఉండేవి. గుంటూరులో ఎవరో వదిలించుకున్నది నాన్న బతికున్నప్పుడు తెచ్చాడు. పాట మిగతా సగం ఉన్న రెండో వైపు మొత్తం గీసుకుపోయింది, ముల్లు పెడితే బర్రున జారిపోయేది. మొదటి వైపు కూడా ఒకచోట ముల్లు ఎగిరి రెండు స్వరాలు మింగి ముందుకు దూకేది. అన్న ఆ పాటను ఆ దూకుడుతో సహా నేర్చుకున్నాడు. అక్కడికి రాగానే అతని గొంతు కూడా గెంతేది. మొదటి వైపు ఎక్కడ ఆగితే అక్కడ, మాట సగంలో ఉన్నా సరే, ఆగిపోయేవాడు.

వకీలు గారు తల పట్టుకునేవారు. "పాట కాదయ్యా నువ్వు నేర్చింది, గీతలు నేర్చావు" అనేవారు. ఎంత దిద్దినా అన్న దిద్దుకోలేదు. మేమంతా దానికి ఇస్సాకు గెంతు అని పేరు పెట్టాం. అన్న ఓడెక్కకముందే ఆ ప్లేటు అమ్మ చేతిలోంచి జారి పగిలిపోయింది. అతను వెళ్ళాక ఆ పాట ఊళ్ళో పాడినవాళ్ళు లేరు. వకీలు గారికి తెలుసు గానీ, తప్పు స్వరం హాస్యానికైనా పలికే మనిషి కాదు ఆయన.

తర్వాత వకీలు గారి అరుగు మీదకు మస్తాన్ మామ వచ్చాడు. సన్నాయి వాయించే దూదేకుల మనిషి. చిలకలూరిపేట వైపు నుంచి వచ్చి రొంపిచెర్ల రోడ్డు చివర ఇల్లు కట్టుకున్నాడు. మా అన్నను ఎన్నడూ చూసి ఎరగడు. ఆ రోజుల్లో ఉక్కు ముళ్ళు దొరక్క మేము గ్రామఫోనుకు తుమ్మముల్లు చెక్కి పెట్టేవాళ్ళం. దాని గరగర వినలేక ఆయన చెవులు మూసుకుంటే అందరం నవ్వేవాళ్ళం.

ఆ ఏడు మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. వకీలు గారు అడిగితే మస్తాన్ మామ కాస్త బెరుకుగా చెప్పాడు.

"మధ్యాన్నం పూట ఎవరో పాడతన్నారండీ మా ఇంటి యెనక. శహన. మడిసి కనపడడు. చానా బాగుంది గానీ, ఒకచోట ఎందుకో గెంతతన్నాడు."

సన్నాయి తీసి వాయించాడు. గెంతు వచ్చింది. అదే చోట, అవే రెండు స్వరాలు మింగి. నా చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. దాన్ని కింద పెట్టాలన్నది కూడా తోచలేదు. వకీలు గారు నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

తర్వాతి ఆదివారమూ మామ అదే చెప్పాడు. పై ఆదివారమూ అదే. పోయిన వారానిది చెప్పకూడదని ఒకాయన గుర్తుచేస్తే మామకు కోపం వచ్చింది. "ఏం ఇంటన్నావంటే ఏం ఇంటన్నానో చెప్పాలి గానీ అబద్ధమాడమంటావా ఏంది?" అన్నాడు.

నేను ఊరికే నమ్మలేదు. మామకు ఆ కీర్తన వృత్తిలో వచ్చి ఉంటుందనుకున్నాను. రాదన్నాడు. వచ్చినా గెంతు ఎందుకొస్తుంది? మా అమ్మ ఎక్కడైనా కూనిరాగం తీసిందేమో కనుక్కున్నాను. అమ్మ చర్చిలో తప్ప నోరు విప్పదు. ఆ గొంతు ఎట్లా ఉందని మామను గుచ్చి గుచ్చి అడిగాను. "నేను వాద్యం వాణ్ణమ్మా, స్వరం పట్టుకుంటాను. గొంతు సంగతి నాకు తెల్వదు" అన్నాడు.

ఇంట్లో అప్పటికే తగువు నడుస్తోంది. మాచర్ల నుంచి వదిన నాన్న వచ్చి కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. వయసులో ఉన్న పిల్ల ఎంతకాలమని ఎదురుచూస్తుందని ఆయన బాధ. అన్న పేరున చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టించి, పిల్లను తీసుకుపోయి మళ్ళీ పెళ్ళి చేస్తానన్నాడు. కూడిక పెట్టామంటే మేమే అన్నను చంపేసుకున్నట్టు. పెట్టకపోతే వదిన బతుకు మా గుమ్మంలో ఎండబెట్టినట్టు. అమ్మ ఎటూ చెప్పలేక మంచం పట్టింది. నాకు తిండి సయించేది కాదు, బడిలో చెప్పిన లెక్కే మళ్ళీ చెప్పేదాన్ని. చివరికి పాట సంగతి వదినకు చెప్పేశాను.

వదిన వెంటనే చెప్పులు వేసుకుంది. ఇద్దరం ఎండన పడి మస్తాన్ మామ ఇంటికి వెళ్ళాం. ఇంటి వెనక నల్లరేగడి చేను. పత్తి తీసేశారు, మోళ్ళు తప్ప ఏమీ లేదు. మనిషి దాక్కోవడానికి చోటు లేదు, ఇది నేను కళ్ళారా చూసి చెబుతున్న మాట. మామ భార్య మజ్జిగ ఇచ్చింది. పంచలో కూర్చున్నాం.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, పక్క గదిలో తలుపు వేసుకుని పాడుతున్నంత దగ్గరగా, మొదలైంది.

నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఆమెకు వినపడడం లేదు. మామ తల ఊపుతున్నాడు, ఆయనకు వినపడుతోంది. గెంతు వచ్చింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మొదటి వైపు అయిపోయేచోట, మాట సగంలో, పాట ఆగింది. అయిపోయిందనుకున్నాను. అన్న ఎప్పుడూ అక్కడితో ఆపేసేవాడు. ప్లేటు తిరగేసేంత సేపు నిశ్శబ్దం. ఆ తర్వాత మిగతా సగం మాట పలికి పాట ముందుకు సాగింది. మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ వినని రెండో వైపు అది.

ఆ ఆదివారం దాన్ని వచ్చీరానట్టు వకీలు గారికి పాడి వినిపించాను. ఆయన ముఖం పాలిపోయింది. "సరిగ్గా అంతేనమ్మా. అదే చరణం" అన్నారు.

వదినకు మాత్రం ఆ రోజే, మామ ఇంటి నుంచి వచ్చే దారిలోనే అంతా చెప్పాను. ఆమె రోడ్డు మీద నిలబడిపోయింది. ముందు, "నాకెందుకు ఇనపళ్ళా?" అని నన్ను కొట్టినంత పని చేసింది. కాసేపటికి తనే కళ్ళు తుడుచుకుంది.

"ఒదినా, ఆయనకు రెండో వైపు రాదుగా?"

"రాదు."

"సచ్చినోళ్ళు కొత్తగా పాట నేర్చుకుంటారా? నేర్చుకున్నాడంటే బతికే ఉన్నాడు."

ఇంటికి పోయి వాళ్ళ నాన్నతో రానని చెప్పేసింది. ఎందుకని ఆయన ఎంత అడిగినా కారణం చెప్పలేదు. ఆయన తిట్టి, ఏడ్చి, మాచర్ల వెళ్ళిపోయాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది. నేను విన్నానన్న మాట మీద ఒక ఆడపిల్ల తన బతుకు పెట్టేసింది. నా చెవులు నన్ను మోసం చేసి ఉంటే?

వానలు పడ్డాక మస్తాన్ మామ ఒక ఆదివారం, "ఇప్పుడేం ఇనపట్టంలేదండీ" అన్నాడు. తర్వాత మళ్ళీ ఎప్పుడూ వినపడలేదు. ఆ మాట వదినకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమే కనిపెట్టి, "నేర్చుకోటం అయిపోయిందిలే" అని నవ్వబోయింది. ఆ నవ్వు నేను మర్చిపోలేను. అప్పటి నుంచి యుద్ధం అయ్యేదాకా మేమిద్దరం ఇంట్లో కాలుగాలిన పిల్లుల్లా తిరిగాం.

యుద్ధం అయిపోయింది. అన్న వచ్చాడు.

నరసరావుపేట స్టేషనులో దిగిన మనిషిని అమ్మ కూడా ఆనవాలు పట్టలేదు. ఎముకల గూడు. మాట గుసగుసలాగా వస్తోంది. జపానువాళ్ళ క్యాంపులో గొంతుకు పుండు పడి, మాని, గొంతు పోయిందట. ఊరంతా చూసి వెళ్ళాక, వదిన అతనికి అన్నం కలిపి పెడుతూ పాట సంగతి చెప్పింది. గర్వంగా చెప్పింది. నువ్వు పాడితే ఇక్కడ విన్నామని చెప్పింది.

అన్న ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు.

"నేను పాడలేదు మార్తా. నాకు గొంతేదీ? ఆడు పాడాడు."

రబ్బరు తోట నుంచి జపానువాళ్ళు పట్టుకొచ్చిన కూలీ ఒకడు. తంజావూరు వైపు ఏదో పల్లెలో మేళగాళ్ళ ఇంటి పిల్లాడట. గొంతు పోకముందు అన్న శహన పాడుతుంటే విని, ఆ గెంతుకు పడిపడి నవ్వాడట. అతనికి పాట మొత్తం వచ్చు. అన్న గొంతు పోయాక, రోజూ మధ్యాహ్నం పని ఆపినప్పుడు పక్కన కూర్చుని అతనే పాడేవాడు. మొదటి వైపు అన్న పాడినట్టే, గెంతుతో. తర్వాత ఆగి, గాలిలో చెయ్యి తిప్పి ప్లేటు తిరగేసినట్టు చూపించి, రెండో వైపు తన సొంతంగా. వానలు మొదలయ్యాక జ్వరం తగిలి అక్కడే పోయాడు. అన్నే పూడ్చాడు.

వదిన ఎంగిలి చేత్తోనే కూర్చుండిపోయింది. అతని పేరేమిటని అడిగింది.

"తంబి అనేవాణ్ణి. అందరూ తంబీ అనే పిలిచేవాళ్ళు."

తంబి అంటే అరవంలో తమ్ముడు. అది పేరు కాదు. అన్నకు అతని అసలు పేరు తెలియదు, ఊరు తెలియదు. వకీలు గారు మద్రాసులో తెలిసినవాళ్ళ చేత వాకబు చేయించారు. తంబి అని అడిగితే ఆ దేశంలో ఎవరని చూపిస్తారు?

వదిన చెప్పింది నిజమే, అన్న బతికే ఉన్నాడు. నేను విన్నదీ నిజమే. కానీ ఆ పాట మాది కాదు. పాడినవాడికీ ఎక్కడో ఒక ఇల్లుంది. సముద్రం దాటి, తంజావూరు దాటి, వాళ్ళ గుమ్మం వదిలేసి, అది మస్తాన్ మామ పత్తి చేలోకి ఎందుకు వచ్చిందో నేను చెప్పలేను. వకీలు గారూ చెప్పలేకపోయారు, మా పాస్టరు గారూ చెప్పలేకపోయారు. ఆ పిల్లాడి తల్లి కూడా మధ్యాహ్నాలు పంచలో కూర్చుని ఎదురుచూసే ఉంటుంది. ఆమెకు ఏమీ వినపడి ఉండదు.