మొండక్క పెట్టించిన పరీక్ష

ప్రసూతి ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ మొండక్కే. ఇరవై రెండేళ్లుగా అక్కడే నర్సు.

ఆ మొండితనం ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంటికి పంపిన పసిబిడ్డ ఒకతె మూడో రోజుకే కళ్లు ఉబ్బి, రెప్పల కింద చీముతో తిరిగొచ్చింది. తల్లికి గనేరియా, లైంగికంగా అంటుకునే జబ్బు. నొప్పి లేదు, మంట లేదు, ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. ఎవరూ పరీక్ష చేయలేదు, పుట్టగానే బిడ్డ కళ్లకు మందూ రాయలేదు. ఒక కన్ను పోయింది.

అప్పట్నుంచి ఏ గర్భిణి వచ్చినా ఆ పరీక్ష చేయాల్సిందేనని పట్టుబట్టింది. పెద్ద డాక్టరు విసుక్కున్నాడు.

"అనుమానం ఉన్నవాళ్లకి చేస్తే చాలదా? సంసారులు నొచ్చుకుంటారు."

"మొహం చూసి చెప్పగలిగితే ల్యాబు ఎందుకు సార్, మూసేద్దాం."

ఆయన ఆమెను కాన్పుల గది నుంచి టీకాల గదికి మార్చేశాడు. అక్కడికీ గర్భిణులే వస్తారు. ఆ గది డాక్టరమ్మ చేత పరీక్షకు చీటీలు రాయించడం మొదలుపెట్టింది.

ఒకరోజు దర్జీ పని చేసే అమ్మాయి, ఆరో నెల, అత్తగారితో వచ్చింది. చీటీ సంగతి వినగానే అత్తగారు భగ్గుమంది.

"మా ఇంటావంటా లేని రోగాలు అంటగడతావా?"

"ఇది గుణానికి పరీక్ష కాదు పెద్దమ్మా. బిడ్డ కళ్ల కోసం."

అత్తగారు కోడలి చెయ్యి పట్టి లాగింది. ఆ అమ్మాయి విడిపించుకుంది.

"నా కడుపులో బిడ్డ అత్తయ్యా. నేను చేయించుకుంటా."

జబ్బు ఉందనే తేలింది. మొండక్క తలుపు వేసి, ఆమె ఒక్కదానికే చెప్పింది.

"ఎవర్నుంచి వచ్చిందక్కా?"

"కాగితం అది చెప్పదమ్మా. మందు ఇద్దరికీ పడాలి, అంతే."

ఆమెకు సూది మందు ఆరోజే వేశారు. భర్త రానంటే రానన్నాడు. "నువ్వు వైద్యం చేయించుకునేదాకా నీ పక్క వేరు, నా పక్క వేరు," అని ఆ అమ్మాయి తేల్చి చెప్పేసింది. మూడో రోజుకు దిగొచ్చాడు. తర్వాత మళ్లీ చేసిన పరీక్షలో జబ్బు లేదు.

ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికొచ్చిన మొండక్క బిడ్డ కళ్లకు పూతమందు రాయబోతే అత్తగారు అడ్డొచ్చింది. "నా మనవరాలికేం లోటని?"

"ఏ లోటూ రాకూడదనే. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ రాస్తాం."

"రాయండక్కా," అంది మంచం మీంచే కోడలు.

మూణ్ణెల్లు తిరక్కుండా ఆ దర్జీ అమ్మాయి తనతో కుట్టుపని చేసే ఇద్దరు గర్భిణుల్ని వెంటబెట్టుకొచ్చింది.

"వీళ్లకీ పరీక్ష చీటీ రాయించండక్కా. ఇంట్లోవాళ్లు ఎగిరితే నా దగ్గరికి పంపండి."