అయిదో తరగతి దాటించిన మట్టిగట్టు

మొన్న సాయంత్రం వట్లూరులో మా ఇంట్లో మనవరాలు టీవీలో బొమ్మల సీరియల్ చూస్తుంటే, చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ నేనూ పక్కన కూలబడ్డాను. పొగగొట్టాల ఫ్యాక్టరీ ఉన్న ఏదో ఊరు, ఆ ఊళ్ళో ఒక బడి, బడి ముందు పసుప్పచ్చ బస్సు. మా అమ్మాయి వంటింట్లోంచి తొంగిచూసి, తన చిన్నప్పుడు కూడా ఈ పిల్లలు ఇదే క్లాసులో ఉండేవారనీ, తనకి పెళ్ళయి పిల్ల పుట్టినా వాళ్ళు మాత్రం ఇంకా పాసవలేదనీ నవ్వింది. ఎంత అదృష్టమో అంది మనవరాలు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఒకే తరగతిలో ఉండిపోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మరి.

మాది కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో మా ఇళ్ళు, అయిదో తరగతి వరకే ఉన్న ఒంటిగది బడి. ఆపైన చదవాలంటే దోనె ఎక్కి అవతలి ఒడ్డున హైస్కూలుకి పోవాలి. మగపిల్లలు పోయేవారు, నన్ను మాత్రం నాన్న ఎక్కనిచ్చేవాడు కాదు. చదువంటే గిట్టక కాదు. ఆయన చెల్లెలు, నేను చూడని మా మేనత్త, నా ఈడులోనే దోనె తిరగబడి నీళ్ళలో మునిగి చనిపోయింది. పొద్దస్తమానం నీళ్ళలో ఉండి చేపలు పట్టే మనిషికి, ఆడపిల్ల దోనెలో కాలు పెడుతుందంటే ముఖాన నెత్తురుచుక్క ఉండేది కాదు. బడి మానేసిన ఆడపిల్లకి మా లంకలో వల అల్లడం, ఆ వెంటనే పెళ్ళి. అది మా మాస్టారికీ తెలుసు. అందుకే జూన్‌లో బడి తెరవగానే ఏమీ ఎరగనట్టు నన్ను మళ్ళీ అయిదులోనే కూర్చోబెట్టారు. మరుసటి ఏడూ అంతే.

పాఠాలన్నీ పొల్లుపోకుండా కంఠతా వచ్చేశాయి, చిన్నపిల్లలకి ఎక్కాలు నేనే చెప్పించేదాన్ని. నా వెనకవాళ్ళు నన్ను దాటి వెళ్ళిపోతున్నారు, పరికిణీ ఏటా పొట్టిదవుతోంది, చాప మీద నా చోటు మాత్రం అదే. ఇంట్లో నాయనమ్మ అప్పటికే సంబంధాల మాట ఎత్తింది. ఇంకో ఏడాదికి మాస్టారి ఉపాయం పారదని తెలిసి, దిగులుతో నాకు అన్నం సహించేది కాదు.

ఆ వేసవిలోనే మా వాళ్ళు చేపల చెరువులు తవ్వడం మొదలుపెట్టారు. చేపల లారీ రావాలి కనక అవతలి ఒడ్డుదాకా మట్టిగట్టు వేశారు. నాన్నా తట్టలు మోశాడు. పొద్దువాలగానే అందరూ ఇళ్ళకి చేరినా ఆయన ఇంకో నాలుగు తట్టలు పోసిగాని వచ్చేవాడు కాదు. అంత తొందరేమిటని నాయనమ్మ విసుక్కునేది. బడి తెరిచిన రోజు పొద్దున్నే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆ గట్టు మీదుగా నడిపించుకుపోయాడు. సగం దారిలో, మా బడికి వస్తున్న మాస్టారు ఎదురయ్యారు.

“నడిచే దారి పడిందండీ మాస్టారూ. ఇంక నా దగ్గర సాకు లేదండీ,” అన్నాడు నాన్న.

“బతికించారండీ. ఈ ఏడు కూడా అయిదులోనే కూర్చోమని ఆ పిల్లకి ఏ మొహంతో చెప్పాలా అనుకుంటూ వస్తున్నాను,” అన్నారాయన.

తరవాత ఏలూరులో కాలేజీ చదివాను, పెంటపాడులో టీచరమ్మగా రిటైరయ్యాను. ఎన్ని పరీక్షలు గట్టెక్కినా, ఆరో తరగతి గదిలో కూర్చున్న ఆ పొద్దున పీల్చినంత హాయిగా మళ్ళీ ఊపిరి పీల్చుకోలేదు.

ఆ గట్టుని తరవాత చెరువులతోపాటు సర్కారువాళ్ళు కొట్టేశారు. సరస్సు మేలుకే అన్నారు, కాదనను. మా చెరువులు కొల్లేటిని ఎంత మింగాయో నేనూ చూశాను. ఇప్పుడు లంకకి తారురోడ్డు ఉంది, పిల్లలు ఆటోల్లో ఏలూరు బళ్ళకి పోతున్నారు. ఇప్పుడు నాన్న లేడు, ఆయన్ని అంతగా భయపెట్టిన నీళ్ళూ ఆ మేర లేవు. రెంటికీ ఒకేసారి బెంగగా ఉంటుంది.

టీవీలో గంట కొట్టారు. పిల్లలందరూ మళ్ళీ అదే గదిలోకి, అవే బల్లల దగ్గరికి పరుగెత్తారు. పాపం, ఆ ఊళ్ళో మట్టి మోసే తండ్రి ఒక్కడూ లేడు కాబోలు.