తాళంచెవి మీద చెయ్యి

పొద్దున చేగుంట దారిలో విజిల్ వినబడగానే నా కాలు బ్రేకు మీదికి, చెయ్యి తాళంచెవి మీదికి పోయాయి. ఇన్నేళ్లుగా బడి పిల్లల వ్యాను నడుపుతున్నా ఆ చప్పుడుకు ఉలిక్కిపడతాను. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఆ అలవాటు జమీలా ఖాలా నేర్పింది.

మెదక్‌లో మావంటి ఆడవాళ్లకు కారు నేర్పిన మనిషి ఆమె; ఖాలా, అంటే పిన్ని, అని అందరం పిలిచేవాళ్లం. భర్త పోయాక ఆయన వదిలిన పాత కారుతో డ్రైవింగ్ స్కూలు పెట్టింది. ఆ ఒక్క కారు మీదే ఆమె ఇల్లు గడిచేది. నేను క్లచ్ గట్టిగా తొక్కితే, "తేలును చంపుతున్నవా బేటీ? మెల్లగ ఇడువు!" అని కసిరేది. ఓపిక తక్కువ, ప్రేమ ఎక్కువ. స్టీరింగు పట్టించకముందే ఒక మాట చెప్పింది: "పోలీసు చెయ్యెత్తితె ఆగాలె. ఆగుడు మన పని. ఎందుకు ఆపిండో చెప్పుడు ఆయన పని. అడుగుడు తప్పు గాదు." నేను నవ్వి ఊరుకున్నాను. పోలీసును ఎందుకని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

నెల తిరక్కముందే ఆ రోజు వచ్చింది. నేను నడుపుతున్నాను, ఖాలా పక్క సీట్లో ఉంది. మామూలు చొక్కా వేసుకున్న ఒకతను కారుకు అడ్డంగా వచ్చాడు. బ్రేకు తొక్కానో లేదో, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగబోయాడు. ఖాలా నా మీదుగా వంగి దాన్ని అరచేత్తో కప్పేసింది.

"నువ్వెవరు భయ్యా? యూనిఫాం ఏది?"

రోడ్డు పక్కన నిలబడ్డ ఎస్సై గబగబా వచ్చాడు; అతను ఆయన వెంట ఉన్న మనిషే. "ఏందమ్మా, చెకింగు చెయ్యనియ్యవా?"

"చెయ్యుండ్రి సార్. మీరు యూనిఫాంల ఉన్నరు, లైసెన్సు అడుగుండ్రి, చూపిస్తం. తాళంచెవి గుంజుడు ఎందుకు? పిల్ల ఏం తప్పు చేసింది?"

"నాకే రూల్స్ చెప్తున్నవా? బండి స్టేషన్‌కు పట్టుకపోతే తెలుస్తది."

కారు పోతే ఆమెకు మరో దిక్కు లేదు. "ఇచ్చేద్దం ఖాలా" అని గొణిగాను. ఆమె నా వైపు చూడలేదు, చెయ్యీ తీయలేదు. "కారణం చెప్పి పట్టుకపోండ్రి సార్" అంది.

ఎస్సై కారు చుట్టూ తిరిగి వెనక ఆగాడు. "ఎల్ బోర్డు ఏది?"

ఖాలా దిగి చూసింది. ముందు బోర్డు ఉంది, వెనకది ఎక్కడో ఊడిపోయింది. ఇక గొడవ ముదురుతుందని భయపడ్డాను. ఆమె తల ఊపింది. "సచ్ హై సార్. మా తప్పే. చలాను రాయుండ్రి." ఇంతసేపూ పోట్లాడిన మనిషేనా అనిపించింది. ఎస్సై ఆమెను తేరిపార చూసి, ఆ మామూలు చొక్కా మనిషిని పక్కకు పొమ్మని, చలాను రాసి మమ్మల్ని వదిలేశాడు.

బోర్డు లేదు కాబట్టి స్టీరింగు దగ్గర ఆమే కూర్చుంది. తాళంచెవి తిప్పబోయి ఆగిపోయింది.

"జర సేపు కూసుందం బేటీ. మస్తు భయమైంది. కారు పోతదనుకున్న."

"మరి ఎందుకు అడిగినవ్ ఖాలా?"

"నువ్వు చూస్తున్నవ్ గద."

ఖాలా ఇప్పుడు లేదు. పొద్దున విజిల్ వేసిన పోలీసు నా కిటికీ దగ్గరికి వచ్చేసరికి, వ్యానులో పిల్లలంతా మాటలు మాని నా వైపే చూస్తున్నారు. నాకూ భయమే. తాళంచెవి మీంచి చెయ్యి తీయకుండానే అడిగాను.

"ఎందుకు ఆపిన్రు సార్?"