పచ్చ చుక్క

ఆమె కొట్టిన దెబ్బలు లెక్కపెట్టాలంటే ఒకటో తరగతిలో నేర్పే వంద దాకా అంకెలు ఏ మూలకూ చాలవు. ఇరవై ఆరేళ్ళ పాటు అదే తరగతి, అదే గది, అదే బెత్తం. ఆ బెత్తం విరిగితే మర్నాటికి ఇంకొకటి వచ్చేది. బడిలోనూ వీధిలోనూ ఆమెకున్న పేరు బెత్తం టీచరు. మీసాలొచ్చి, పిల్లలున్న మగవాళ్ళు కూడా ఆమె ఎదురొస్తే నమస్కారం పెట్టడానికి ముందు చేతులు వెనక్కి దాచుకునేవాళ్ళు. అది చూసి ఆవిడ మురిసిపోయేది. భయముందంటే భక్తి ఉందనుకునేది.

ఆమెకు అక్షరాలు నేర్పింది తండ్రి. ఆయన వడ్రంగి. కొలబద్దతో వేళ్ళ కణుపుల మీద కొట్టి నేర్పాడు. "ఆ రోజు మా నాన్న వాయించకపోతే ఇవాళ నేనీ కుర్చీలో కూర్చునేదాన్నా?" అని ఎవరడిగినా, అడగకపోయినా చెప్పేది. ఆ కణుపులు చలికి ఇప్పటికీ నొప్పి పెడతాయన్న సంగతి మాత్రం చెప్పేది కాదు.

అలాంటి గదిలోకి ఒకరోజు పన్నెండు ట్యాబులు వచ్చి పడ్డాయి. రబ్బరు తొడుగులు, చార్జింగ్ పెట్టె, ముప్పై ఆరుమంది పిల్లలకు ముగ్గురికొకటి. పిల్ల తెర మీది మాట చదువుతుంది, ట్యాబు వింటుంది. సరిగ్గా పలికితే పచ్చ చుక్క, తప్పితే ఎర్ర చుక్క. ఎర్ర చుక్క పడ్డాక కూడా లోపలి ఆడగొంతు, "మళ్ళీ అందామా?" అని తీయగా అడుగుతుంది. నలభైసార్లు తప్పినా అదే తీపి. విని విని బెత్తం టీచరుకు ఒళ్ళు మండిపోయింది.

"దీనికి కోపమే రాదేంటండీ?" అని హెడ్మాస్టరును అడిగింది.

"దానికి బీపీ లేదమ్మా," అన్నాడాయన. "మీకుంది."

ఎంత తిట్టుకున్నా, కళ్ళ ముందున్నది కాదనలేదు కదా. నెలన్నరలో పిల్లలు చదవడం మొదలుపెట్టారు. ట్యాబులు పంచడం, ఏరుకోవడం, చిక్కుపడ్డ వైర్లు విప్పడంతోనే ఆమెకు రెండు చేతులూ చాలేవి కావు. బెత్తం బీరువా వెనక్కి చేరింది. కొట్టడం మానేశానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తీరిక దొరకలేదంతే.

ఆ తరగతిలో చీమ అని ఒక పిల్ల ఉంది. గొంతు వినపడదని పిల్లలే ఆ పేరు పెట్టారు. వెల్డింగ్ మేస్త్రి కూతురు. బళ్ళో చేరిన మొదటి మూడు నెలలూ ఒక్క అక్షరం పలకలేదు. బెత్తం టీచరు ఆ పిల్ల నోరు తెరిపించడానికి చేతులు వాచేలా కొట్టింది, గోడవైపు తిప్పి నిలబెట్టింది, మళ్ళీ కొట్టింది. ఏం చేసినా నోరు మెదపలేదు. అదే పిల్ల ట్యాబు చేతికొచ్చిన రెండో వారానికి దాన్ని మూతికి ఆనించుకుని గుసగుసగా చదవసాగింది. పచ్చ చుక్క మీద పచ్చ చుక్క. సంతోషించాల్సింది పోయి, టీచరుకు కాస్త ఉక్రోషం కలిగింది.

శుక్రవారం బడి వదిలేటప్పుడు ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఆ వారం పచ్చ చుక్క పడి ట్యాబుల్లో దాచి ఉన్న పిల్లల గొంతులు గదిలోంచే గేటు దగ్గరి మైకులో వినిపించేది. బయట నిలబడ్డ తల్లిదండ్రులు పొంగిపోయేవాళ్ళు. అన్నీ ముందుగా వినేంత ఓపిక ఎవరికుంది? పచ్చగా ఉంటే సరే అనుకునేది. ఆ చుక్క పలికిన తీరుకే తప్ప పలికిన విషయానికి కాదని ఆమెకు తట్టలేదు.

ఆ శుక్రవారం పాఠం, 'నా సొంత మాటల్లో రెండు వాక్యాలు'. ఒక పిల్లాడు తన బంతి గురించి చెప్పాడు. ఇంకో పిల్ల తన తమ్ముడి గురించి చెప్పింది. తరువాత మైకులో, బడి మొదలైనప్పటి నుంచీ ఎవరూ వినని ఒక గొంతు స్పష్టంగా, వీధి చివరికి వినపడేలా పలికింది.

"ఇంట్లో మా నాన్న అమ్మని ఇనప ఊచతో కొడతాడు."

టీచరు ఒక్క అంగలో మైకు కట్టేసింది. అప్పటికే గేటు దగ్గర తలలన్నీ ఒకవైపు తిరిగాయి. అటువైపే మోటారు సైకిలు మీద వెల్డింగ్ మేస్త్రి ఉన్నాడు.

వచ్చాడు. తలుపు తన్నుకుని వచ్చాడు. "ఎవరే నేర్పింది నీకీ మాటలు?" అంటూ చీమను జుట్టు పట్టి బెంచీలోంచి లేపాడు. పిల్ల ఏడవలేదు. అలవాటైన దెబ్బకు ఏడుపెందుకు? దాన్ని వదిలేసి ఇనుప స్టూలు ఎత్తి చార్జింగ్ పెట్టె మీద దించాడు. అద్దాలు చిట్లి పిల్లల మొహాల మీద పడ్డాయి. ఒక పిల్లాడి కనుబొమ మీద నెత్తురు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. పిల్లలు గోడకు అతుక్కుపోయి అరుస్తున్నారు.

బెత్తం టీచరు చెయ్యి దానంతటదే బీరువా వెనక్కి వెళ్ళింది.

ఇరవై ఆరేళ్ళ సాధన ఊరికే పోతుందా! మొదటి దెబ్బ చెవి మీద, రెండోది ముక్కు మీద, మూడోది స్టూలు పట్టిన వేళ్ళ మీద. అతని పెదవి చీలింది. నాలుగో దెబ్బకు బెత్తం విరిగింది. విరిగిన ముక్కతోనే పొడిచింది. అతను స్టూలు అడ్డంగా తిప్పాడు. ఆమె కుడి మణికట్టు దగ్గర ఎముక పుటుక్కుమంది. ఆ చప్పుడు ఆమెకే వినపడింది. ఈలోగా గేటు దగ్గరి మగవాళ్ళు పరిగెత్తుకొచ్చి అతన్ని ఆవరణలోకి ఈడ్చి, అడ్డుకోవడం అయిపోయాక కూడా చాలాసేపు తన్నారు.

టీచరు చెయ్యి గుండెకు అదుముకుని బెంచీ కిందికి వంగి చూసింది. చీమ అక్కడుంది. రెండు చేతులూ చంకల్లో దాచుకుని, విరిగిన బెత్తం వంకే చూస్తోంది. తండ్రి జుట్టు పట్టినప్పుడు వణకని పిల్ల ఇప్పుడు వణుకుతోంది.

గంటలో హెడ్మాస్టరు గది నిండిపోయింది. పోలీసావిడ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. చీమ తల్లి వచ్చింది, చెంప ఒకవైపు ఉబ్బి ఉంది.

"తలుపు తగిలిందండీ," అంది నేలచూపులు చూస్తూ.

"ఆ మిషన్లో ఉన్న పాఠమేదో అప్పజెప్పింది పిల్ల," అన్నాడు మేస్త్రి, పెదవికి గుడ్డ అదుముకుంటూ. "ఇంత గోలా దానికేనా?"

చీమ మాటలున్న ట్యాబు నుగ్గునుగ్గయింది. మైకులో విన్నవాళ్ళు, గొడవలో మాకెందుకని అప్పటికే జారుకున్నారు.

"తల్లి కాదంటోంది. పిల్లయినా చెప్తే రాస్తాను," అంది పోలీసావిడ. "లేకపోతే బడి గొడవ వరకే కేసు. సాయంత్రానికి వదిలేస్తారు, ఇంటికే వెళ్తాడు."

ఇంటికి వెళ్తే ఏం జరుగుతుందో ఆ గదిలో తెలియనిదెవరికి? అందరూ చీమను బతిమాలారు. చీమ పెదవి విప్పలేదు. టీచరు ఎడం చేత్తో, పగలకుండా మిగిలిన ఒకే ఒక్క ట్యాబు తెచ్చి పిల్ల ఒళ్ళో పెట్టి దూరంగా జరిగింది.

"నీ రెండు వాక్యాలు చెబుతావా?" అంది లోపలి గొంతు.

చీమ దాన్ని మూతికి ఆనించుకుంది. "ఇంట్లో మా నాన్న అమ్మని ఇనప ఊచతో కొడతాడు." పచ్చ చుక్క. పోలీసావిడ కలం కదిలింది.

"చాలా బాగుంది. రెండోది?"

"బళ్ళో టీచర్ నన్ను బెత్తంతో కొడుతుంది."

పచ్చ చుక్క.

మేస్త్రి పగలబడి నవ్వాడు. "చూశారా! దీని నోటికి హద్దే లేదు. అందరి మీదా చెప్తుంది. ఈవిడ ఇంతమంది పిల్లలకి చదువు చెప్పిన మనిషి, ఈవిడ మీద కూడా! ఇది అబద్ధమైతే అదీ అబద్ధమే."

హెడ్మాస్టరు కంగారుగా ముందుకు వంగాడు. "అవునండీ, రెండోది పిల్లచేష్ట. మా టీచరు అలాంటిది కాదు." ఆమె వంక చూసి కళ్ళతో బతిమాలాడు. అవునను తల్లీ, ఉద్యోగం పోతుంది.

బెత్తం టీచరు విరిగిన చేతిని చూసుకుంది. కణుపులు, తండ్రి కొలబద్ద, పిల్ల చంకల్లోని చేతులు, అన్నీ ఒక్కసారే నొప్పి పెట్టాయి.

"అబద్ధం కాదు," అంది. "కొట్టాను. మూడు నెలలు కొట్టాను. చేతులు వాచిపోయేవి. ఈ పిల్లకి అబద్ధం చెప్పడం రాదమ్మా. రెండూ రాసుకోండి."

అప్పుడు గోడవార నిలబడ్డ తల్లి ముందుకొచ్చి పైటచెంగు తీసి మెడ చూపించింది. ఊచ వాత నల్లగా, భుజం దాకా ఉంది.

"మొదటిదీ నిజమే, రాసుకోండమ్మా," అంది.

పోలీసావిడ రెండు వాక్యాలూ రాసింది. కింద సంతకం పెట్టమంటే టీచరు ఎడం చేత్తో పెట్టింది. అక్షరాలు ఒకటో తరగతి పిల్ల రాసినట్టు వంకర్లు పోయాయి. కలం కింద పెట్టి, చీమ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నిన్నింక ఎవరూ కొట్టరు" అంది.

చీమ ఆమె మొహం వంక చూసింది. చేతులు మాత్రం చంకల్లోంచి తియ్యలేదు.