ఊపిరి బిగబట్టే అలవాటు

తెనాలిలో ఊపిరితిత్తుల డాక్టరు రెండు మందులు బల్ల మీద పెట్టి ఏది కావాలో చెప్పమన్నారు. అడిగింది మా నాన్నని. జవాబు చెప్పింది నేను. నా గుణమే అంత. బాపట్లలో బడిపిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. ఎవరైనా ఆలోచిస్తూ నిలబడితే ఓపిక పట్టలేక జవాబు నేనే చెప్పేస్తాను.

అది రెండువేల నాలుగో, ఐదో సంవత్సరం. నాన్న రేపల్లెలో ఒక కారం మిల్లులో నలభై ఏళ్లు మిషను ఆడించాడు. మిరపకాయలు, పసుపు కొమ్ములు, ధనియాలు. చివరికి మంచం దిగి పెరట్లోకి వెళ్లాలంటే మధ్యలో గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఆ రోజు అమ్మని తోడు తెచ్చుకుని పాసింజర్లో తెనాలి వచ్చాడు. నేను బాపట్ల నుంచి వచ్చి స్టేషన్లో కలిశాను. మెట్ల వంతెన మీద నాలుగుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా కింద పట్టాల మీద ఏదో చూస్తున్నట్టు నటించాడు. మేమూ చూస్తున్నట్టు నటించాం.

"ఇది పొడి మందు," అన్నారు డాక్టరు. "ఈ గొట్టంలో క్యాప్సూల్ పెట్టి తిప్పితే విడిపోద్ది. నోట్లో పెట్టుకుని గట్టిగా లాగితే పొడి లోపలికి పోద్ది. ఇదేమో స్ప్రే. నొక్కితే అదే వస్తుంది గానీ నొక్కడం, పీల్చడం ఒకేసారి జరగాలి. పొడికి బలం కావాలి, స్ప్రేకి టైమింగ్ కావాలి. మీకేది తేలిక, పెద్దాయనా?"

నాన్న రెంటినీ మార్చి మార్చి చూశాడు. "రెండూ కష్టంగానే కనపడతన్నాయండీ."

"పొడి రాయండి సార్," అన్నాను నేను.

నా లెక్కలు నాకున్నాయి. స్ప్రే అంటే ఆఖరి మందనీ, ఒకసారి నోట్లో పెట్టుకుంటే ఇక వదలదనీ అప్పట్లో అందరికీ ఉన్న భయం నాకూ ఉంది, చదువుకున్నదాన్నయినా. ఇంకో సంగతి బయటికి చెప్పలేదు. పొడి వాడితే క్యాప్సూల్ ఖాళీ డొల్ల మిగులుతుంది. వాడాడో లేదో చూసి చెప్పొచ్చు. స్ప్రే కొట్టుకున్నాడో లేదో బాపట్లలో కూర్చున్న నాకెలా తెలుస్తుంది? హోంవర్కు చూసే బుద్ధి మా నాన్న ఊపిరి దగ్గరా పోలేదు.

బయట కాంపౌండరు ఖాళీ గొట్టం ఇచ్చి పీల్చి చూపించమన్నాడు. నాన్న చక్కగా పీల్చాడు, ఈల కూడా వచ్చింది. "భేష్," అన్నాడు కాంపౌండరు. నాకు భలే గర్వంగా అనిపించింది.

అప్పటినుంచి ప్రతి శనివారం బడి అవ్వగానే కర్లపాలెం మీదుగా వెళ్లే బస్సెక్కి రేపల్లె వెళ్లేదాన్ని. చెప్పులు విప్పకముందే డొల్లలు వేసిన సీసా తెమ్మనేదాన్ని. రోజుకి రెండు చొప్పున వారానికి పద్నాలుగు. ఎప్పుడూ ఒక్కటి తగ్గలేదు. ఆయాసం కూడా తగ్గలేదు.

డొల్లలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉండాలి. చన్నీళ్లు పోసుకున్నావా అని అడిగాను. మళ్లీ మిల్లు వైపు వెళ్లావా అని అడిగాను. ఒకరోజు, చుట్ట ఏమైనా కాలుస్తున్నావా అన్నాను. జన్మలో చుట్ట ముట్టని మనిషి. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

నాలుగైదు నెలలు అట్లాగే గడిచాయి. ఒక శనివారం బడికి సెలవిస్తే పొద్దున్నే బయల్దేరి వెళ్లాను. నాన్న వసారాలో కుర్చీలో కూర్చుని మందు తీసుకుంటున్నాడు. చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో నిలబడ్డాను.

క్యాప్సూల్ పెట్టాడు. తిప్పాడు. గొట్టం పెదాల మధ్య పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మెడనరాలు పొంగాయి. ఛాతీ మాత్రం కదల్లేదు. కాసేపటికి గొట్టం తీసి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, అప్పుడు పీల్చాడు, దీర్ఘంగా, మామూలు గాలిని. గొట్టాన్ని తువ్వాలు మీద దులిపి, డొల్ల తీసి జాగ్రత్తగా సీసాలో వేశాడు. మీసం మీద తెల్లగా పొడి.

"నాన్నా! నువ్వు పీల్చట్లేదు!" అని అరిచాను.

ఉలిక్కిపడ్డాడు. "పీల్చానుగా అమ్మాయ్."

అబద్ధం కాదు. పీల్చాననే అనుకుంటున్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "తువ్వాలుకి రోజూ తెల్లగా అంటుకుంటంటే ముగ్గుపిండేమో అనుకున్నానే," అంది. ఇన్ని నెలలూ మందంతా తువ్వాలుకే పోయింది. నేను వచ్చి వారంవారం డొల్లలు చూసి, సరే అని వెళ్లిపోయాను.

ఇంకో క్యాప్సూల్ పెట్టి నా ఎదుట పీల్చమన్నాను. "లాగు నాన్నా, లాగు, లాగు!" నేను అరిచేకొద్దీ ఆయన ఇంకా బిగుసుకుపోయాడు. ఖాళీ గొట్టం ఇస్తే మళ్లీ ఈల వచ్చేలా పీల్చాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం కోపమే.

మళ్లీ తెనాలి. ఈసారి డాక్టరు స్ప్రే రాసి, దాన్ని తగిలించుకునే పెద్ద ప్లాస్టిక్ బుడ్డి ఒకటి ఇచ్చారు. స్ప్రే అందులోకి కొడితే మందు అక్కడ కాసేపు నిలుస్తుంది, నెమ్మదిగా పీల్చుకోవచ్చు. టైమింగ్ బాధ తగ్గుతుంది. మొదటి వారం సెలవు పెట్టి రేపల్లెలోనే ఉన్నాను. నొక్కే పని నేనే పెట్టుకున్నాను. "నొక్కుతున్నా!" అనేదాన్ని. నాన్న ఊపిరి ఠక్కున ఆగిపోయేది.

మూడోరోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వట్టా అరవమాకే. మిల్లులో 'పోస్తన్నా' అన్నట్టే ఉంది."

నాకు వెంటనే అర్థమైంది. మిల్లులో మిరపకాయలు మిషను నోట్లో పోసేవాడు ఎవరైనా సరే ముందు "పోస్తన్నా!" అని కేకెయ్యాలి. వినగానే ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టాలి. ఆ ఘాటు లేచి అణిగేదాకా అంతే. చిన్నప్పుడు క్యారియర్ తీసుకెళ్లే నాకు కూడా నేర్పింది నాన్నే. నలభై ఏళ్లు రోజుకి ఎన్నిసార్లు చేశాడో. పొడి ఎదురైతే ఊపిరి తీసుకోకూడదని ఆ ఒంటికి తెలుసు. అలా కాపాడుకున్నా చివరికి మిల్లు పొడి లోపలికి పోయింది. ఇప్పుడు మందు పోవడం లేదు.

మిల్లు సంగతి డాక్టరుకి మొదటిరోజే ఎందుకు చెప్పలేదు నేను? ఏం పని చేసేవాడని ఆయన అడిగారు. "ఏదో మిల్లండీ," అని నేనే తేల్చేశాను. తర్వాత ఒంటరిగా వెళ్లి అడిగాను, మొదటే స్ప్రే తీసుకుని ఉంటే ఇంత ముదిరేది కాదా అని. "అది చెప్పలేమమ్మా," అన్నారు. ఆ ఒక్కమాట పట్టుకుని తెనాలి నుంచి బాపట్ల దాకా రైల్లో ఏడ్చాను. ఎలాగైనా ముదిరేదే అని చెప్పి ఉంటే ఎంత బావుండేది.

ఆ తర్వాత మందు వేళకి నేను నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. ఆయనే నొక్కుకునేవాడు. కొన్ని పూటలు కాస్త లోపలికి పోయేది. అప్పుడు ఒక గంట ముఖం తేటగా ఉండేది, అమ్మని కాఫీ అడిగేవాడు. కానీ రానురాను లాగే గాలి తగ్గిపోయింది. ఎదురుగా కూర్చుని చూడటం తప్ప నా చేతిలో ఏమీ లేదు. ఆయన తరఫున నేను పీల్చలేను కదా. అన్ని జవాబులూ నేనే చెప్పేసినదాన్ని, ఈ ఒక్కటి చెయ్యలేకపోయాను.

ఒక సాయంత్రం నొక్కుకున్నాడు. బుడ్డి నిండా తెల్లటి పొగ. పెదాలు ఆనించి ఆరేడుసార్లు ప్రయత్నించాడు, ఛాతీ ఇసుమంత కూడా లేవలేదు. బుడ్డి దించగానే ఆ పొగంతా మా ఇద్దరి మధ్య గాల్లోకి వచ్చి పోయింది. ఇద్దరం చూశాం.

నాన్న నా ముఖంలోకి చూశాడు.

"లోపలికి పోయిందమ్మా," అన్నాడు. ఆగాడు. గోడకి ఆనుకుని, మళ్లీ కొంత గాలి కూడదీసుకుని, "బాగా పోయింది," అన్నాడు.

ఉన్న కాస్త ఊపిరీ నాకు ధైర్యం చెప్పడానికి ఖర్చుపెట్టేశాడు. నేను తలూపాను.