తెగిన మామిడి పిందె

కరెంటు పోగానే యూపీఎస్ పెట్టే కూత ఎక్కడ విన్నా నాకు పెనుకొండలో వసుంధరమ్మ మిద్దె గది గుర్తొస్తుంది. నిన్న హిందూపురం బ్యాంకులో ఆ కూత వినబడింది. పక్కన కూర్చున్న ధర్మవరం పెద్దమనిషి ఒకాయన మాటల్లో వసుంధరమ్మ పేరెత్తి, "అందరి చందాలతో అన్నేండ్లు కంప్యూటర్ ముందు కూర్చునింది, కడాకు ఏం చేసిందప్పా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన ఆ మిద్దె మెట్లు ఒక్కసారైనా ఎక్కిన పాపాన పోలేదు.

తొంభైల చివర్లోనూ నాకు హిందూపురంలో ఇదే అంగడి, రేడియోలు, మిక్సీలు బాగుచేసేది. బడిలో నేర్చుకున్నది తక్కువ. విప్పి, చెడగొట్టి నేర్చుకున్నదే ఎక్కువ. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం వదిలి సొంతూరు పెనుకొండకు వచ్చేసిన వసుంధరమ్మ ఒకరోజు చెడిపోయిన తన కంప్యూటర్ యూపీఎస్ తెచ్చింది. బాగుచేసి ఇచ్చాను.

"ఏమైందన్నా దీనికి?" అంది.

"బాగైంది కదమ్మా, ఇంకేం కావల్ల?"

"ఎట్ల చెడిందో చెప్పకుంటే నాకేం తెలుస్తాది?"

అంతవరకు ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మళ్ళీ విప్పి చూపించాను. పోతూ పోతూ, "ఆదివారం మా గదికి రా అన్నా. నేను చెడగొట్టినవి చూపిస్తా" అంది.

ధర్మవరం నేతగాళ్ళు చీర అంచును మొదట గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుకుంటూ గీయాలి. ఇంగ్లీషు ముక్క అక్కరలేకుండా, చేత్తో గీసినంత సులువుగా దాన్ని తెర మీద గీసుకోవచ్చునా? ఆమె పరిశోధన అదొక్కటే. వెనక కంపెనీ లేదు, సర్కారు లేదు. నేతగాళ్ళు, కొందరు టీచర్లు, నాబోటి మెకానిక్కులు నెలనెలా వేసే చందాతో నడిచేది. చందా కట్టినవాడికి దక్కేది చూసే హక్కు, అడిగే హక్కు. నెలకో ఆదివారం కూడేవాళ్ళం. ఆ గదిలో ఒకటే నియమం: చెడినది ముందు చూపించాలి. పనిచేసేది ఎంత బాగున్నా తర్వాతే.

ఆ తర్వాత ఆమె మౌసు నేతగాడి చేతికిచ్చి, తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునేది. సాయం చేసేది కాదు. ధర్మవరం నాగప్ప విసుక్కునేవాడు. "ఇది మా కోడెద్దు మాదిరుండాది మేడం. నేనట్ల తిప్పితే ఇదిట్ల పోతాండాది."

"నువ్వు సరిగ్గానే తిప్పినావు నాగప్పా. తప్పు నేను రాసిన ప్రోగ్రాంలో ఉండాది."

వాడేవాణ్ణి తప్పుపట్టడం ఆమె నోట ఎన్నడూ వినలేదు.

నేరుగా పోయే అంచు చక్కగా వచ్చేది. అంచూ కొంగూ కలిసే మూల దగ్గరికొస్తే మాత్రం అంచులోని మామిడి పిందె బొమ్మ సగానికి తెగిపోయేది. అది సరికాకముందే పట్టు ధర పెరిగి, మగ్గాలు నిలిచి, చందాలు పలచబడ్డాయి. గది మూతపడేట్టుంది. అప్పుడొచ్చాడు ఒక చీరల వ్యాపారి. "ఆదివారం నా బేరగాళ్ళను పిల్చుకొస్తా. వాళ్ళకు నచ్చితే గది ఖర్చు నాది" అన్నాడు.

నాగప్ప బతిమాలాడు. "ఒక్కరోజు ఆ మూల దాచిపెట్టు మేడం. గది మిగుల్తాది."

"గది మిగుల్తాది నాగప్పా. దాంట్లో చేసే పని మిగలదు."

ఆదివారం తెర మీద మొదట కనిపించింది తెగిన పిందే.

వ్యాపారి నవ్వాడు. "పెండ్లికూతురికి దీన్ని కట్టబెట్టమంటావా తల్లీ?"

"కట్టబెట్టొద్దనే దీన్ని ముందు చూపించినా" అంది.

వాళ్ళు మెట్లు దిగిపోయారు. నాగప్పే లేచి మౌసు పట్టుకున్నాడు. "యాడ తెగుతాండాదో ఇంకోతూరి చూపించు మేడం."

మిగిలిన కొద్దిమందిమే తలా కొంచెం ఎక్కువ వేసుకుని ఇంకొన్నేండ్లు నడిపాం. మూల మాత్రం తిరగలేదు. కడాకు ఆమే, "ఈ దారిలో పోతే రాదు. ఎందుకు రాదో తెలిసింది" అని, రాసిందంతా తలా ఒక కాపీ చేసిచ్చి, గదికి తానే తాళం వేసింది. ఆమె వల్ల ఈ దారి యాడ తెగుతాదో తెలిసినోళ్ళు ధర్మవరంలో ఎందరున్నారని బ్యాంకులో ఆయన్ని అడిగాను. ఆయన టోకెను చూసుకున్నాడు.

నిన్న సాయంత్రమే ఒకామె మిక్సీ తీసుకుపోవడానికి అంగడికొచ్చింది. "బాగైందా పెద్దాయనా?" అంది.

"ఈడ చూడమ్మా, ఈ మూడో స్పీడు నా చేత కాలేదు."

"మిగతావి తిరుగుతాయా?"

"తిరుగుతాయి. ముందు ఇది చూడు" అన్నాను.